తడి బొగ్గు, పొడి లెక్క: పాట్ ఆడిట్‌లో నా అనుభవం

"మేడమ్, ఈ బొగ్గు కాటా మీద తూచేది తడిగా ఉన్నప్పుడా, ఆరిన తర్వాతా?"

2019 మే నెల, పల్నాడు ఎండ. మధ్యాహ్నం రెండు గంటలకి బొగ్గు యార్డులో నిలబడి ఆడిటర్ గారు అడిగిన ప్రశ్న ఇది. లోడు ఎలా వస్తే అలాగే తూస్తాం సార్ అన్నాను. "మరి ల్యాబులో కేలరీలు చూసేది?" అన్నారాయన. జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ల్యాబులో పొడి కొట్టి, ఆరబెట్టిన బొగ్గునే కాలుస్తారు. తూకం తడి బొగ్గుది, కేలరీలు ఆరిన బొగ్గువి. ఆ రెండింటినీ గుణించి మూడేళ్లుగా ఢిల్లీకి లెక్క పంపుతున్నది నేనే.

నేను ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఎనర్జీ మేనేజర్‌ని. మాలాంటి పెద్ద ఫ్యాక్టరీలు టన్ను సరుకుకి ఎంత ఇంధనం వాడాలో అప్పట్లో కేంద్ర ప్రభుత్వం లక్ష్యం పెట్టేది. ఆ పథకం పేరు పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్. మేమంతా పాట్ అంటాం. 2008లో మన దేశం ప్రకటించిన వాతావరణ మార్పు కార్యాచరణ ప్రణాళికలో 8 మిషన్లున్నాయి, వాటిలో ఇంధన సామర్థ్యం మిషన్ కింద వచ్చింది ఇది. 2012లో మొదలైన తొలి విడతలో 8 రంగాల నుంచి 478 యూనిట్లు ఉండేవి. రెండో విడతకి రైల్వేలు, రిఫైనరీలు, కరెంటు పంపిణీ సంస్థలు కూడా చేరి 11 రంగాలు, 621 యూనిట్లు అయ్యాయి. మాకు 2014-15 వాడకం ప్రాతిపదిక. 2018-19లో ఎంత తగ్గించామన్నది పరీక్ష.

ఈ లెక్కంతా టన్ను చమురులో చెప్తారు. ఒక టన్ను చమురుకి సమానం అంటే కోటి కిలోకేలరీలు. బొగ్గు, పెట్‌కోక్ (చమురు శుద్ధిలో మిగిలే, బొగ్గులాంటి ఇంధనం), డీజిల్, కరెంటు అన్నిటినీ ఈ కొలతలోకి మార్చాలి. కరెంటు యూనిట్‌కి 860 కిలోకేలరీలు. లక్ష్యం కంటే ఎక్కువ ఆదా చేస్తే, అదనంగా ఆదా అయిన ప్రతి టన్నుకీ ఒక సర్టిఫికెట్ ఇస్తారు. లక్ష్యం చేరనివాళ్లు అవి ఎక్స్ఛేంజీలో కొనుక్కోవాలి. అంటే మేం కాగితం మీద వేసే అంకె నేరుగా డబ్బు అవుతుంది. అందుకే మా మాట మీద నమ్మి వదిలేయరు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ గుర్తింపు ఉన్న ఆడిటర్లు వచ్చి చూసి, తనిఖీ పత్రమైన ఫారం-బి మీద సంతకం పెడితేనే, మేం లెక్క నింపే ఫారం-ఎ కి విలువ. అవి రాష్ట్రంలో ఎనర్జీ కన్జర్వేషన్ మిషన్‌కీ, ఢిల్లీలో బ్యూరోకీ వెళ్తాయి.

ఆడిటర్లు రాకముందు మూడు వారాలు ఇంటికి సరిగ్గా వెళ్లలేదు. కరెంటు బిల్లులు, ఫీడర్ లాగ్‌బుక్కులు, బొగ్గు ఇన్‌వాయిస్‌లు, డీజిల్ స్టాకు, మీటర్ల క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్లు అన్నీ నెలవారీగా ఫైళ్లు కట్టాం. ఉత్పత్తి లెక్క దగ్గరే మొదట చిక్కొచ్చింది. 2014-15లో ఎక్సైజ్ వాళ్ల కోసం రోజూ రాసే ఆర్‌జీ-1 రిజిస్టర్ ఉండేది. ఎంత తయారైంది, ఎంత బయటికి వెళ్లింది అనేదానికి దాన్ని మించిన సాక్ష్యం ఉండదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఆ రిజిస్టర్ అవసరం పోయింది, మావాళ్లు రాయడం మానేశారు. ప్రాతిపదిక సంవత్సరానికి ఒక రకం ఆధారం, పరీక్ష సంవత్సరానికి ఇంకో రకం. చివరికి కాస్ట్ ఆడిట్ రిపోర్టు, ప్యాకింగ్ ప్లాంటు లెక్క, నెలాఖరు స్టాకు కొలతలు మూడూ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడ ఎందుకు వచ్చిందో ఒక్కొక్కటీ రాసి ఒప్పించాం.

కాలనీ కరెంటు సంగతి కూడా అంతే. స్టాఫ్ క్వార్టర్లలో వాడే కరెంటు సిమెంటు లెక్కలోకి రాదు, తీసేయొచ్చు. కానీ ఆ ఫీడర్ మీటర్ రెండు నెలలు ఆగిపోయి ఉంది. మిగతా నెలల సగటు వేసుకుంటాం అన్నాం. ఆడిటర్ గారు ఒప్పుకోలేదు. మీటర్ చూపించిందే తీసెయ్యండి, చూపించనిది మీ వాడకంలోనే ఉంచండి అన్నారు. అప్పుడు కొంచెం కోపం వచ్చింది. తర్వాత రెండు రోజులు ఆయన పని దగ్గరుండి చూశాక ఆ కోపం పోయింది.

మళ్లీ బొగ్గు దగ్గరికి వస్తాను. మాకు సింగరేణి బొగ్గు వస్తుంది, కొంత విదేశీ బొగ్గు, పెట్‌కోక్ కలుపుతాం. వానాకాలంలో వచ్చే బొగ్గు నల్లటి బురదలా ఉంటుంది. యార్డుకి వచ్చినప్పుడు ఉన్న తేమ మొత్తాన్నీ టోటల్ మాయిశ్చర్ అంటారు. ల్యాబులో గాలికి ఆరబెట్టాక కూడా లోపల కొంత తేమ మిగులుతుంది, అది వేరే. ఆరిన బొగ్గు కేలరీలు తెలిస్తే, ఈ రెండు తేమల నుంచి తడి బొగ్గు కేలరీలు లెక్కగట్టొచ్చు.

ఉదాహరణకి ఆరిన బొగ్గుకి కిలోకి 5,000 కిలోకేలరీలు వచ్చాయనుకోండి. యార్డులో తేమ 14 శాతం, ఆరాక 5 శాతం. 5,000ని 86తో గుణించి 95తో భాగిస్తే 4,526 వస్తుంది. కిలోకి 474 తేడా. ఏడాదికి లక్ష టన్నుల బొగ్గు వాడితే ఆ తేడా 4,740 టన్నుల చమురుకి సమానం. రెండో విడత సర్టిఫికెట్ల కొనుగోళ్లకి తర్వాత పెట్టిన కనీస ధర 1,840 రూపాయలు. ఆ లెక్కన 87 లక్షల రూపాయలు. ఫ్యాక్టరీలో ఒక్క మోటారు మార్చకుండా, ఒక్క నట్టు బిగించకుండా, ల్యాబు షీటులో ఒక కాలమ్ బదులు పక్క కాలమ్ తీసుకుంటే వచ్చే తేడా ఇది.

ఎలా జరిగిందో వెతికితే దొరికింది. 2016లో ల్యాబుకి కేలరీలు కొలిచే కొత్త ఆటోమేటిక్ మెషీన్, కాలరీమీటర్ వచ్చింది. దాని ప్రింటులో వచ్చేది ఆరిన బొగ్గు అంకె. అంతకుముందు ల్యాబులో పెద్దాయన చేత్తో తేమ సవరణ చేసి ఇచ్చేవారు. కొత్త మెషీన్ ప్రింటునే ఎవరో ఎక్సెల్‌కి కలిపేశారు. ఆ ఎక్సెల్ నాకు వచ్చింది. నేను పైనుంచి కింది వరకు కూడికలు చూశాను తప్ప, అంకె ఎక్కడ పుట్టిందో చూడలేదు.

ఆ పెద్దాయన అప్పటికి రిటైర్‌మెంటుకి ఏడాది దూరంలో ఉన్నారు. విషయం చెప్పగానే ఆయన అన్న మాట నాకు బాగా గుర్తు. "అమ్మా, మా నాన్న మిర్చి రైతు. గుంటూరు యార్డులో తేమ చూడకుండా ఏ వ్యాపారీ రేటు కట్టడు. మనం బొగ్గుకి తేమ చూడకుండా రేటు కట్టామన్నమాట." నన్ను తిట్టలేదు. తాళాల గుత్తి తీసుకుని పాత స్టోరు రూముకి నడిచారు.

2014-15 రిజిస్టర్లు అక్కడ అడుగు షెల్ఫులో ఉన్నాయి. అట్టలు చెదలు తిన్నాయి, లోపలి పేజీలు బాగానే ఉన్నాయి. ప్రతి లాటుకీ తేదీ, శాంపిల్ నంబరు, టోటల్ మాయిశ్చర్, ఆరాక తేమ, బూడిద శాతం, కేలరీలు. చివరి గడిలో తడి బొగ్గుకి సవరించిన కేలరీలు, పక్కన నీలం ఇంకుతో ఆయన పొడి అక్షరాలు. కొట్టేసిన చోట కూడా కొట్టేసిన అంకె కనపడేలా ఒక్క గీతే గీసి, పక్కన సరైనది వేసి మళ్లీ సంతకం పెట్టారు. ఆడిటర్ గారు ఆ పేజీలు తిప్పుతూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అంటే ప్రాతిపదిక సంవత్సరం లెక్క సరిగ్గానే ఉంది. తప్పు 2018-19లోనే. తడి బొగ్గుకి ఆరిన బొగ్గు కేలరీలు వేసి, వాడని వేడిని కూడా వాడినట్టు చూపించుకున్నాం. ఫ్యాక్టరీ నిజంగా చేసిన ఆదా మా చేతులతో మేమే తగ్గించుకున్నాం. ఇదే తప్పు 2014-15లో జరిగి, 2018-19లో సరిచేసి ఉంటే, ఏ ఆదా లేకుండానే ఆదా కనపడేది. ఆ ఊహకే నాకు భయమేసింది. 621 యూనిట్లలో ఎవరి ల్యాబులో ఏ ఏడాది మెషీన్ మారిందో!

సరిచేస్తే మాకు లాభం. అందుకే ఆడిటర్ గారు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. సవరణ కావాలంటే 2018-19లో ప్రతి లాటుకీ టోటల్ మాయిశ్చర్ రికార్డు చూపించాలన్నారు. పది నెలలవి దొరికాయి. 2018 ఆగస్టు, సెప్టెంబరువి లేవు. ల్యాబులో తేమ చూసే ఓవెన్ పాడై, స్పేర్ రావడానికి అన్నాళ్లు పట్టింది. సరిగ్గా బొగ్గు బాగా తడిసే నెలలు.

ఆ రాత్రి మా సీనియర్ ఒకరు నన్ను పక్కకి పిలిచి, జులైలో ఎంత ఉందో అటూ ఇటూగా ఆ రెండు నెలలకీ రాయించెయ్యండి, వాన పడిందన్నది నిజమే కదా అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఫ్యాక్టరీకి రావాల్సింది పోతోందనే బాధ. నాకూ టెన్షన్‌గానే ఉంది, తప్పు మొదట నాది కాబట్టి. కానీ మధ్యాహ్నం చూసిన రిజిస్టర్ కళ్ల ముందు ఉంది. కొట్టేసిన అంకె కూడా దాచని మనిషి చేత, చూడని తేమ చూసినట్టు ఎలా రాయించను? పెద్దాయనని అడగను కూడా అడగలేదు. మర్నాడు ఉదయం ఆడిటర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను: ఓవెన్ పాడైంది, రిపేరు బిల్లు ఇదిగో, రెండు నెలల రికార్డు లేదు.

ఆయన ఒక దారి చూపించారు. ఆ ఏడాది దొరికిన పది నెలల్లో అన్నిటికంటే తక్కువ తేమ ఏ నెలలో ఉందో చూసి, ఆ అంకెనే ఈ రెండు నెలలకీ వేశారు. ఎండాకాలపు బొగ్గు తేమ, వానాకాలపు బొగ్గుకి. నిజం కంటే అది చాలా తక్కువని మా ఇద్దరికీ తెలుసు. "ఆధారం లేనిచోట మీకు నష్టం వచ్చే అంకే వేయాలి మేడమ్. అప్పుడే మిగతా పది నెలలూ ఎవరైనా నమ్ముతారు" అన్నారు. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కాలనీ మీటరు దగ్గర ఆయన చేసిందీ ఇదే.

లక్ష్యం దాటాం. యాజమాన్యం అనుకున్నన్ని సర్టిఫికెట్లు రాలేదు, అసలు రావనుకున్నదానికంటే నయంగానే వచ్చాయి. మిగతా తతంగం అంతా కాగితాలు, పోర్టల్ అప్‌లోడ్‌లు, వివరణలు. సర్టిఫికెట్ల వ్యాపారం మాత్రం 2021కి గానీ మొదలవలేదు. ఇది నాకు నచ్చని విషయం. 2019 మార్చితో ముగిసిన పనికి ఫలితం అంత ఆలస్యంగా వస్తే, కష్టపడ్డ షిఫ్ట్ ఆపరేటర్లకి ఏం చూపించి ఉత్సాహపరుస్తాం?

2021 ఫిబ్రవరిలో మన దేశం ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం కింద మూడో ద్వైవార్షిక నివేదిక ఇచ్చింది. అడవులు పీల్చుకునేది కలపకుండా 2016లో దేశం మొత్తం ఉద్గారాలు 283.9 కోట్ల టన్నులని అందులో ఉంది. ఇంధన రంగానిది 75 శాతం, వ్యవసాయానిది 14, పరిశ్రమల ప్రక్రియలది 8, వ్యర్థాలది 3. తగ్గింపు చర్యల అధ్యాయం కోసమే నేను దాన్ని తెరిచాను. పాట్ తొలి విడతలో 86.7 లక్షల టన్నుల చమురుకి సమానమైన ఇంధనం ఆదా అయిందని, 3.1 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గిందని ప్రభుత్వం చెప్పే లెక్క అప్పటికే నాకు కంఠతా వచ్చు. కానీ అంతకుముందు అది నాకు పెద్ద అంకె మాత్రమే. ఇప్పుడు దాని వెనక 478 ల్యాబులు, 478 కాటాలు, ఓవెన్ పాడైన నెలలు కనపడుతున్నాయి. విదేశాల నుంచి నిపుణులు ఆ నివేదికని సమీక్షిస్తారు, ఇతర దేశాలు ప్రశ్నలు వేస్తాయి. వాళ్లకి జవాబు చెప్పే అధికారి చేతిలో ఉండేది చివరికి మా రిజిస్టరే.

ఆ నివేదిక చదివాకే ఇంకో సంగతి కూడా నాకు బుర్రకెక్కింది. సిమెంటులో బొగ్గు కాల్చడం వల్ల వచ్చే పొగ ఒక్కటే కాదు, సున్నపురాయి వేడికి విడిపోయేటప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అలా కాల్చాక వచ్చే గడ్డల్ని క్లింకర్ అంటారు, దాన్ని పొడి చేస్తేనే సిమెంటు. టన్ను క్లింకర్‌కి సుమారు అర టన్ను. పాట్ ఇంధనాన్నే కొలుస్తుంది కాబట్టి దీన్ని లెక్కలోకి తీసుకోదు. దేశం లెక్కలో ఇది పరిశ్రమల ప్రక్రియల పద్దులో పడుతుంది. థర్మల్ స్టేషన్ల బూడిదని, అంటే ఫ్లైయాష్‌ని, పీపీసీ అనే రకం సిమెంటులో 35 శాతం దాకా కలపొచ్చు, ఆ మేరకు క్లింకర్ తగ్గుతుంది, రాయి నుంచి వచ్చేదీ తగ్గుతుంది. మేం ఏళ్ల తరబడి చేస్తున్న ఈ పనిని ఇంధనం లెక్క ఒక వైపు నుంచే చూసింది.

ఇప్పుడు ఆ లోటు తీరుతోంది. 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం నోటిఫై చేశారు. సిమెంటుకి ఇక టన్ను సరుకుకి ఎంత ఉద్గారం అన్నదే లక్ష్యం, 2023-24 ప్రాతిపదిక. రాయి నుంచి వచ్చేదీ లెక్కే.

ఆ లెక్క కోసం ఆడిటర్లు వచ్చినప్పుడు నేను యార్డుకి వెళ్లలేదు, ల్యాబులో ఉన్నాను. పెద్దాయన రిటైరై చాలా రోజులైంది. ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి ఇప్పుడు అక్కడ కెమిస్టు. రెండో ఓవెన్ కొనిపించాం. శాంపిల్ డబ్బా మూతకి టేపు వేసి, దాని మీద టైము రాస్తారు. వచ్చినవాళ్లు మొదట 2023 జులై తేమ రికార్డు అడిగారు. ఆ అమ్మాయి బీరువా తీసి రిజిస్టర్ వాళ్ల ముందు పెట్టింది. 19వ తేదీ దగ్గర ఒక అంకె కొట్టేసి ఉంది. ఒక్క గీత, పక్కన సంతకం.