కుళాయి కింద దోసిలి

పిల్లలిద్దరూ ఎప్పుడో నిద్రపోయారు. నాకే నిద్ర పట్టడం లేదు.

పొద్దున పెద్దాడు స్నానాల గదిలో కుళాయి తిప్పి, దోసిలి పట్టి గటగటా తాగేస్తున్నాడు. పరుగెత్తుకెళ్ళి కట్టేశాను. వాడు ఏడవలేదు, భయపడనూ లేదు. "సింగపూర్‌లో తాగచ్చన్నావు కదమ్మా, ఇక్కడెందుకు తాగకూడదు?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోపే వసారాలోంచి అత్తయ్యగారు అందుకున్నారు. "ఆ దేశం చూసొచ్చాక వీడికి ఏది తాగాలో ఏది తాగకూడదో తెలీకుండా పోయింది. పండక్కి ఊళ్ళో ఉండుంటే ఈ గొడవే లేదు."

ఏ మాట మొదలుపెట్టినా ఆవిడ సంక్రాంతి దగ్గరికే తెస్తారు. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళూ పండక్కి కోనసీమకొస్తుంటే మేం పిల్లల్ని తీసుకుని సింగపూర్ వెళ్ళిపోయామని ఆవిడ బాధ. పిల్లల సెలవులూ ఈయన సెలవూ కలిసింది అప్పుడే. ఎన్నిసార్లని చెప్పను?

అక్కడికేదో మేం తెగ సుఖపడి వచ్చినట్టు అంటారు గానీ, చిన్నపిల్లలతో విదేశమంటే నాకు ముందు గుర్తొచ్చేవి నీళ్ళ సీసాలే. అక్కడి మెట్రో, ఎమ్మార్టీ రైల్లో తినడమే కాదు, నీళ్ళు తాగడం కూడా నిషేధం. 500 డాలర్ల దాకా జరిమానా. 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదని సంబరపడి బుడ్డిదాన్ని ఎక్కిస్తే, తలుపులు మూసుకోగానే దానికి దాహం. సీసా మూత మీద దాని చెయ్యి, ఆ చెయ్యి మీద ఈయన చెయ్యి. పెట్టెలో జనమంతా మావైపే చూస్తున్నారు. దిగి, గేటు దాటి బయటికొచ్చాక గానీ పట్టలేకపోయాం. అప్పటిదాకా దాని ఏడుపు వింటూ నేను పడ్డ టెన్షన్ ఈవిడకేం తెలుసు?

పెద్దాడికి మాత్రం అక్కడ జూ కంటే, సెంటోసా కంటే, కనిపించిన ప్రతి కుళాయి దగ్గరా సీసా నింపుకోవడమే నచ్చింది. మెరీనా బ్యారేజీకి వెళ్ళిన సాయంత్రం ఒక్కటీ నాకు హాయిగా గడిచింది. సముద్రపు నీళ్ళు లోపలికి రాకుండా, వాన నీళ్ళు లోపల నిలిచేలా 2008లో తెరిచిన బ్యారేజీ అది. వీడు గేట్లు లెక్కపెట్టి, "తొమ్మిదేనా! మన ధవళేశ్వరానికి 175 కదా నాన్నా" అన్నాడు. పైన గడ్డి పరిచిన డాబా మీద ఎవరో గాలిపటాలు ఎగరేస్తుంటే బుడ్డిది వాటి వెంట పరుగులు.

175 గేట్ల గోదారి మాది. తాగే నీళ్ళు మాత్రం 20 లీటర్ల టిన్నుల్లో ఇంటికొస్తాయి. ఆ టిన్ను లోపల ఎప్పుడు కడిగారో, ఆ నీళ్ళు ఎవరు పరీక్ష చేశారో ఎవరూ అడగరు. బోరు వేస్తే ఉప్పు. కుళాయిలో వచ్చే నీళ్ళు ఒకరోజు పచ్చగా, ఒకరోజు నీచు వాసన. కాలువ ఇంటి ముందు నుంచే పోతుంది. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసి మన కడుపు నింపాడని ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం, దండలు వేస్తున్నాం. ఆయన పారించిన కాలువలో ఏం వేస్తున్నాం? పెళ్ళి భోజనాల ప్లాస్టిక్ గ్లాసులు, కోళ్ళ దుకాణం వ్యర్థాలు, రొయ్యల చెరువులు ఎండగట్టినప్పుడు వదిలే నీళ్ళు. ఎవరినైనా అడిగితే "అందరూ చేసేదే కదండీ" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా అమ్మమ్మ వాళ్ళింట్లో బురద నీళ్ళని తేర్చే చిల్లగింజ ఉండేది. శ్రావణమాసంలో గోదారి ఎర్రబడితే కాలువ నీళ్ళూ ఎర్రగానే వచ్చేవి. రేవులో ముంచి తెచ్చిన బిందెడు నీళ్ళని పాత చీర ముక్క నాలుగు మడతలు వేసి వడకట్టేది. తర్వాత చిల్లగింజని కుండ లోపలి అంచుకి, నీళ్ళు తగిలేలా, గుండ్రంగా తిప్పుతూ అరగదీసేది. తెల్లటి గంధం నీళ్ళలోకి జారేది. "కదపకే, కదపకే" అనేది నన్ను. అమ్మమ్మ కన్నుగప్పి నేను మూత తీసి చూసేదాన్ని, మట్టి పొరలు పొరలుగా కిందికి దిగుతుంటే. తెల్లారేసరికి పైన నీళ్ళు అద్దం. అడుగున బొటనవేలు మందం ఒండ్రు మిగిలేది. దాన్ని కూడా పారబోయకుండా కరివేపాకు మొదట్లో పోసేది. ఆ నీళ్ళ రుచి ఏ టిన్నుకీ రాదు.

సాయంత్రం అత్తయ్యగారితో ఇదే అన్నాను, కాస్త కోపంగానే. ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండా, "రుచి సరే, వేసవిలో వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే ఇళ్ళకిళ్ళే మంచాన పడేవి. మా తమ్ముడు అలాగే పోయాడు. అందుకే పొద్దున వాణ్ణి చూసి నా గుండె జారిపోయింది" అన్నారు. ఇన్నేళ్ళలో ఆ తమ్ముడి మాట ఎప్పుడూ వినలేదు. పొద్దుట్నుంచీ నేను కడుపులో పెట్టుకున్న కోపం ఆవిడ మీద నిలవలేదు. ఆవిడ భయం సింగపూర్ గురించి కాదు.

అయితే రుచి సంగతి పక్కన పెట్టి, కాలువ నీళ్ళెప్పుడూ ఇంతేలే అని వదిలేయడానికీ మనసొప్పడం లేదు. సింగపూర్ నదిలో పడవ ఎక్కినప్పుడు చెప్పారు, ఒకప్పుడు ఆ నది కంపు కొట్టేదట. ఎగువ నుంచి పందుల పెంపకాల మురుగు, ఒడ్డున తోపుడుబండ్ల చెత్త, అన్నీ అందులోకే. 1977లో శుభ్రం చెయ్యడం మొదలుపెడితే 1987 దాకా, పదేళ్ళు పట్టింది. పందుల ఫారాలు తీసేశారు, బండ్ల వాళ్ళకి వేరేచోట దుకాణాలు కట్టిచ్చారు. ఈ రోజుకీ వాళ్ళకి సరిపడా నీళ్ళు లేవు. 1962 ఒప్పందం ప్రకారం మలేషియా నుంచి కొనుక్కుంటున్నారు, అది 2061 దాకా ఉంటుంది. ఆ చిన్న ద్వీపంతో మన డెల్టాని పోల్చడం న్యాయం కాదని ఈయన వాదన. వాళ్ళ డబ్బు మన పంచాయతీకి లేదు, నిజమే. కాలువలో గ్లాసులు వెయ్యకుండా ఉండడానికి డబ్బెందుకో మాత్రం నాకు అర్థం కాలేదు, అదే అడిగాను. ఆయన మాట్లాడలేదు.

ఇంకొన్ని వారాల్లో కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. ఆ లోపు మంచినీళ్ళ చెరువు నిండాలి. నింపే ముందు గట్టు మీద తుప్పలు కొట్టించి, విరిగిన కంచె బాగుచేయించాలి. లేకపోతే పోయినేడాది లాగే గేదెలు దిగుతాయి. సోమవారం ఈయన ఆఫీసుకి వెళ్తూ పంచాయతీ దగ్గర ఆగి అడుగుతానన్నారు. పిల్లాణ్ణి బడిలో దింపి నేనూ వెళ్తాను. అత్తయ్యగారు కూడా వస్తానంటున్నారు.