కోపం ముందు భుజాలకే తెలుస్తుంది
నాకు కోపం వచ్చిందని నాకంటే ముందు నా భుజాలకు తెలుస్తుంది. చాలా ఏళ్లు అది మెడనొప్పేనని దిండ్లు మార్చుకుంటూ పోయాను! ఇప్పుడు టెన్షన్ అనిపిస్తే ఎవరి వల్ల, ఎందుకు అని తవ్వుకోకుండా ముందు ఒళ్లు చూసుకుంటాను, దవడ బిగిసిందా, పొట్ట ముడుచుకుందా, ఊపిరి పైపైనే ఆడుతోందా అని. తర్వాత పిడికిళ్లు కొన్ని సెకన్లు బిగించి వదిలేస్తాను, ఆపైన భుజాలు, కాళ్లు. ఇదేం కొత్త ఫ్యాషన్ కాదు, కండరాలను సడలించే పద్ధతిని అమెరికన్ డాక్టర్ ఎడ్మండ్ జేకబ్సన్ 1920ల్లోనే రూపొందించాడు. ఊపిరి నెమ్మదిగా వదిలితే మెదడు నుంచి గుండె, పొట్ట దాకా వెళ్లే వేగస్ నరం గుండె వేగాన్ని కాస్త తగ్గిస్తుంది. మనసుకు లోతైన గాయాలున్నవాళ్లు మాత్రం థెరపిస్ట్ దగ్గరే మొదలుపెట్టడం మంచిది, ఒంటి మీద దృష్టి పెడితే కొందరికి భయం పెరుగుతుంది. నాకైతే ఒకరోజు భుజాలు వదలగానే ఏడుపొచ్చేసింది, ఎందుకో తెలియలేదు, వెతకనూ లేదు.