క్లిక్ అంటే ఏమిటో ఏజెంటుకు చెప్పడం

మా బృందం నడిపే లింకుల సాధనం చిన్నది. పొడవైన వెబ్ చిరునామాను పొట్టి లింకుగా మార్చి, దాన్ని ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఎన్నిసార్లు నొక్కారో లెక్క చూపిస్తుంది. ఇంతకాలం దాని డాక్యుమెంటేషన్‌ను మనుషుల కోసమే రాస్తూ వచ్చిన నేను, ఇటీవల ఏఐ ఏజెంట్ల (మనం అడిగిన పనిని టూల్స్ వాడి చేసిపెట్టే ఏఐ ప్రోగ్రాముల) కోసం కూడా రాయవలసి వచ్చింది. ఉన్న పేజీలను మార్క్‌డౌన్ అనే సాదా పాఠ్య రూపంలోకి మార్చి, 2024 సెప్టెంబరులో జెరెమీ హోవర్డ్ ప్రతిపాదించిన ఎల్‌ఎల్‌ఎమ్‌ఎస్ డాట్ టెక్స్ట్ (llms.txt) పద్ధతిలో ఏఐ మోడళ్లు చదువుకునేందుకు ఒక సూచిక ఫైలు పెట్టి, అదే ఏడాది నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన, ఏఐని బయటి సాధనాలకు కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ద్వారా ఒక్కో పనికీ ఒక్కో టూల్ అందిస్తే సరిపోతుందనుకున్నాను. ఆ భాగం రెండు రోజుల్లో పూర్తయింది.

మూడో రోజు మా సహోద్యోగి ఒకరు ఏజెంటును, ఒక ప్రచార లింకుకు నిన్న ఎన్ని క్లిక్‌లు వచ్చాయని అడిగారు. అది తడుముకోకుండా ఒక సంఖ్య చెప్పింది. డ్యాష్‌బోర్డులో చూస్తే మరో సంఖ్య ఉంది. వెతికితే కారణం దొరికింది. మా సర్వరు కాలాన్ని యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలమానంలో నమోదు చేస్తుంది. ఆ లెక్కలో రోజు మారేది మనకు తెల్లవారుజామున 5:30 గంటలకు. కనుక ఏజెంటు చెప్పిన నిన్న, నిన్నటి ఉదయం 5:30 నుంచి ఈరోజు ఉదయం 5:30 వరకు. గంటలవారీ లెక్క అయితే ఇంకా చిక్కు: యూటీసీలో పది గంటల గడి మన మధ్యాహ్నం 3:30 నుంచి 4:30 వరకు నడుస్తుంది. నేను రాసిన వివరణలో "తేదీ ఇవ్వండి" అని ఉంది కానీ, ఎవరి తేదీయో లేదు. తప్పు పూర్తిగా నాదే.

తెలియని చోట మనిషి నీళ్లు నములుతాడు, పక్కవారిని అడుగుతాడు, పట్టిక కింద ఉన్న చిన్న అక్షరాలను చదువుతాడు. ఏజెంటు మాత్రం మనం ఖాళీగా వదిలిన చోటును చాలాసార్లు తన ఊహతో పూరించి, ఆ ఊహను కూడా నిజంతో సమానమైన ధీమాతో చెబుతుంది. అందువల్ల దానికి రాసే డాక్యుమెంటేషన్‌లో, ఒక అంకె ఏమి చెబుతుందో రాసినంత శ్రద్ధగా, ఏమి చెప్పదో కూడా రాయాలని నాకు అర్థమైంది.

క్లిక్ అన్న మాటనే తీసుకుందాం. లింకు 301 అనే సర్వరు కోడ్‌తో జరిగే దారిమళ్లింపుతో పనిచేస్తే, అది శాశ్వతమని భావించి బ్రౌజరు గమ్యాన్ని గుర్తుపెట్టుకోవచ్చు. అప్పుడు రెండోసారి నొక్కినది మా సర్వరు దాకా రానేరాదు, లెక్కలోనూ పడదు. మేము తాత్కాలిక దారిమళ్లింపును సూచించే 302 వాడేది అందుకే. మరోవైపు, ఎవరూ నొక్కకపోయినా లెక్క పెరిగే సందర్భాలున్నాయి: లింకును స్లాక్‌లోనో ఫేస్‌బుక్‌లోనో అతికించగానే, ప్రివ్యూ బొమ్మ కోసం వాటి యంత్రాలే ముందుగా ఆ లింకును తెరుస్తాయి. ఇక విడి సందర్శకుల సంఖ్యను మేము ఐపీ చిరునామాను బట్టి లెక్కిస్తాము. మన మొబైల్ నెట్‌వర్కుల్లో ఎందరో ఒకే ఐపీని పంచుకుంటారు కాబట్టి ఆ సంఖ్య అసలుకంటే తక్కువగా కనిపించవచ్చు. "డైరెక్ట్" అన్న వరుస కూడా అంతే. అది చిరునామాను టైపు చేసి వచ్చినవారి సంఖ్య కాదు; ఎక్కడి నుంచి వచ్చారో బ్రౌజరు చెప్పని రాకలన్నీ అందులోనే చేరతాయి, వాట్సాప్‌లో నొక్కినవి చాలావరకు సహా.

మొదట నేను రాసిన టూల్ వివరణ ఒకే వాక్యం: "లింకుకు వచ్చిన క్లిక్‌ల సంఖ్యను ఇస్తుంది." ఇప్పుడున్నది ఇది: "ఇచ్చిన లింకు గుర్తింపు సంఖ్యకు, ఇచ్చిన తేదీల మధ్య నమోదైన అభ్యర్థనల సంఖ్యను ఇస్తుంది. గుర్తించగలిగిన ప్రివ్యూ బాట్‌లను తీసివేస్తుంది, గుర్తించలేనివి మిగులుతాయి. టైమ్‌జోన్ తప్పనిసరి. ఆ కాలానికి లింకే లేకపోతే సున్నా కాదు, దోషం వస్తుంది. ఈ సంఖ్యను మనుషుల సంఖ్యగా చెప్పవద్దు." చివరి వాక్యం మా పరీక్షల్లో ఎంతో తేడా తెచ్చింది.

లింకును చిరునామాతో కాక గుర్తింపు సంఖ్యతో అడగమనడానికి ఒక కారణం మన లిపి. చిరునామాలో తెలుగు యూనికోడ్ సంకేతం (కంప్యూటరు ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు వాడేది) ఒక్కొక్కటి మూడు బైట్లుగా, శాతం గుర్తులతో రాస్తే తొమ్మిది అక్షరాలుగా మారుతుంది. "తెలుగు" అన్న చిన్న మాటలో ఇలాంటి సంకేతాలు ఆరు, కనుక అది 54 అక్షరాలవుతుంది. అంత పొడవైన వరుసను ఏజెంటు తిరిగి రాసేటప్పుడు ఒక్క అక్షరం జారినా లింకు దొరకదు.

దోష సందేశాలను కూడా డాక్యుమెంటేషన్‌గానే చూస్తున్నాను. అభ్యర్థనలు మరీ ఎక్కువయ్యాయని చెప్పే 429 కోడ్ వచ్చినప్పుడు ఎన్ని సెకన్లు ఆగాలో అక్కడే చెప్పకపోతే ఏజెంటు వెంటవెంటనే మళ్లీ అడుగుతూనే ఉంటుంది. లింకు తొలగింపు దగ్గర, కరపత్రాలపై ముద్రించిన క్యూఆర్ కోడ్‌లు కూడా పనిచేయకుండా పోతాయని, మనిషి అనుమతి లేకుండా ఆ టూల్ వాడరాదని రాశాను. అనుమతి లేని అభ్యర్థనను సర్వరు కూడా తిరస్కరిస్తుంది.

ప్రతి మార్పు తరువాత అవే ప్రశ్నలను తెలుగులోనూ అడిగి చూస్తాను. మనం "మొన్న" అన్నప్పుడు ఒక్కోసారి నిన్నటికి ముందు రోజు, ఒక్కోసారి ఈమధ్య అని మాత్రమే అర్థం. గత వారం "మొన్నటి ప్రచారానికి ఎన్ని క్లిక్‌లు?" అని అడిగితే, ఏజెంటు సంఖ్య చెప్పలేదు, ఆ ప్రచారం నడిచిన తేదీలను భారత కాలమానంలో చూపించి, మొత్తం కాలానికి కావాలా, నిన్నటికి ముందు రోజుకు మాత్రమే కావాలా అని అడిగింది.