కేదార్‌నాథ్ ఎక్కి అదే రోజు దిగాలి: 11వ వారం

నిన్న ఆదివారం 40 రౌండ్లు పూర్తయ్యాయి, మా అపార్ట్‌మెంట్ మెట్ల మీదే. టేపు పెట్టి కొలిస్తే మెట్టు ఎత్తు 16 సెంటీమీటర్లు, అంతస్తుకి 19 మెట్లు, అంటే 3 మీటర్ల చిల్లర, అయిదో అంతస్తు దాకా ఒకసారికి 15 మీటర్లు, 40 సార్లకి 600. గంటా యాభై నిమిషాలు పట్టింది, మధ్యలో రెండుసార్లే ఆగా. నడక మొదలయ్యే గౌరీకుండ్ సుమారు 1,980 మీటర్ల ఎత్తులో ఉంది, కేదార్‌నాథ్ 3,583, అంటే ఒక్కరోజులో 1,600 మీటర్లు ఎక్కి మళ్ళీ అంతా దిగాలి, పోను 16 కిలోమీటర్లు, రాను 16. విజయనగరంలో ఉండి దానికి రెడీ అవ్వాలంటే ఈ మెట్లు, పెద్ద చెరువు గట్టు, ఆదివారాలు రామతీర్థం కొండ. అమ్మైతే రోజూ అదే మాట, "కొండెక్కడానికి అంత దూరం ఎల్లాలేటిరా, మన రామతీర్థంలో రాముడు లేడేటి" అని. కేదారం చూడాలని నాన్నకి ఉండేది, కుదర్లేదు, అది అమ్మకీ తెలుసు.

మొదటి ఏడు వారాలు నేను చేసిన తప్పు చెప్తా. మోకాళ్ళు కాపాడుకుందామని ఎక్కడం మెట్ల మీద, దిగడం లిఫ్ట్‌లో. ఎనిమిదో వారం మహేంద్రగిరి వెళ్ళాం, 1,501 మీటర్లు, మందస వైపు నుంచి నడక, నేనూ మా బావా. ఎక్కడం హాయిగా అయింది, పైన భీముడి గుడి దగ్గర మంచు కమ్మేసి పది అడుగుల అవతల ఏమీ కనబడలేదు, ఎంత బావుందో. దిగడం మొదలెట్టిన గంటకే తొడలు వణకడం మొదలైంది, బావ చెయ్యి పట్టుకుని దిగా. ఇంటికొచ్చి సాక్స్ తీస్తే రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లగా, కింద రక్తం గడ్డకట్టి, నొక్కితే ప్రాణం పోయింది. దిగేటప్పుడు కాలు బూటు లోపల ముందుకి జారి, ప్రతి అడుగుకీ వేలు ముందు గోడకి కొట్టుకుంటుంది, అదీ సంగతి.

అందుకే ఇప్పుడు లిఫ్ట్ బంద్, దిగడం కూడా మెట్ల మీదే. బూట్లు 8 నుంచి 9 కి మార్చా. సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మందం సాక్స్ వేసుకుని చూడండి, కాలు ముందుకి తోస్తే మడమ వెనక ఒక వేలు దూరాలి. దిగేముందు చీలమండ దగ్గర లేసు బిగించి కట్టుకోవాలి, గోళ్ళు రెండ్రోజుల ముందే కత్తిరించుకోవాలి.

బరువుకి బ్యాగులో రెండు లీటర్ల సీసాలు మూడు, ఆరు కిలోలు. తినడానికి పొద్దున చోడి అంబలి, దారిలో పలాస జీడిపప్పు, ఖర్జూరం, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. ఆ చలిలో దాహం వెయ్యదు, అయినా గంటకోసారి తాగాల్సిందే.

నాకు భయమల్లా గాలి గురించే. 3,500 మీటర్ల దగ్గర గాలి పీడనం మన దగ్గర ఉన్నదాన్లో మూడింట రెండొంతులే, దానికి మెట్లెక్కి ప్రాక్టీస్ చెయ్యలేం, ఎంత గట్టి కాళ్ళున్నా తలనొప్పి రావచ్చు. అందుకని ఒళ్ళు ఎత్తుకి అలవాటు పడేలా దారిలో గుప్తకాశీలో ఒక రాత్రి, గౌరీకుండ్‌లో రెండు రాత్రులు పెట్టుకున్నా. ఎత్తు పడక వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర గురించి డాక్టర్‌ని అడిగా, సల్ఫా మందులు పడవా అని ముందు అదే అడిగారు, మీరూ అడక్కుండా వేసుకోకండి. తలనొప్పితో పాటు వాంతి వచ్చేలా ఉన్నా, నడక తూలినా గుడి కనబడుతున్నా సరే వెనక్కే, బావకి కూడా ఈ మాట చెప్పి ఒట్టేయించుకున్నా.

పొద్దున 4 కి బయల్దేరడం, మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడుంటే అక్కడ్నించి తిరుగుముఖం. గుర్రాలు, కంచర గాడిదలు వచ్చినప్పుడు లోయ వైపు కాదు, కొండ వైపు ఒదిగి నిలబడాలి. హెడ్‌టార్చ్, రెయిన్‌కోటు కొన్నా. యాత్ర రిజిస్ట్రేషన్ అయిపోయింది, సమతా ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి టికెట్లు కన్ఫర్మ్, సిరిమానోత్సవం నాటికి ఊళ్ళో ఉండాలి.

ఈ వారం మంగళ, గురువారాలు 25 రౌండ్లు, ఆదివారం బ్యాగుతో రామతీర్థం మూడుసార్లు ఎక్కి దిగాలి. ఎడమ గోరు ఊడేలా ఉంది, ప్లాస్టర్ వేసి ఉంచా.