వర్టికల్ పోయిన టీవీ

వీడియో ఆర్ట్ గురించి చదువుతూ ఒక ఫొటో దగ్గర ఆగిపోయాను. పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ, పక్కకి తిప్పి నిలబెట్టారు. తెరంతా చీకటి. మధ్యలో పైనుంచి కిందిదాకా ఒకే ఒక్క తెల్లటి గీత. పేరు 'జెన్ ఫర్ టీవీ', 1963. చేసింది కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్. కింద వ్యాసంలో శూన్యం, ధ్యానం, మౌనం అంటూ రెండు పేజీలు రాశారు. అవి చదివాక నాకు కాస్త భక్తిలాంటిది కూడా కలిగింది. ఆ ఊపులోనే ఫోను తీసుకెళ్లి నాన్నకు చూపించాను. నాన్న ముప్పయ్యేళ్లు టీవీ మెకానిక్కు.

కళ్లజోడు సర్దుకుని చూశాడు. "వర్టికల్ పోయింది" అన్నాడు.

పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ కిరణం అడ్డంగానూ, పైకీ కిందికీ కూడా ఊగుతూ బొమ్మ గీస్తుంది. పైకీ కిందికీ ఊపే 'వర్టికల్' సర్క్యూట్ చెడిపోతే బొమ్మంతా నలిగి మధ్యలో ఒక అడ్డగీతగా మిగులుతుంది. "గీత వస్తోందండీ" అంటూ నాన్న షాపుకు టీవీలు మోసుకొచ్చినవాళ్లు నాకు బాగా గుర్తు.

నాన్న చెప్పింది నిజమేనా అని వెతికాను. జర్మనీలోని వుప్పర్తాల్‌లో 1963లో పైక్ టీవీలతో మొదటి ప్రదర్శన పెట్టాడు. అందులో ఒక సెట్టు రవాణాలో దెబ్బతిని, గీత తప్ప ఏమీ చూపించకుండా వచ్చింది. పైక్ దాన్ని రిపేరు చేయించలేదు. పక్కకి తిప్పాడు, అడ్డగీత నిలువు గీత అయింది. ఆ రెండు పేజీల్లో ఈ ముక్క లేదు! ఇది తెలిశాక నా భక్తి తగ్గలేదు గానీ, వేరే చోటికి మారింది.

"అడ్డంగానే ఉంచితే రిపేరుకొచ్చిన సెట్టులాగే ఉంటుంది. తిప్పాడు కాబట్టి..." అని నాన్న ఆగాడు. మళ్లీ ఫోను చేతిలోకి తీసుకుని, "బ్రైట్‌నెస్ తగ్గించాడా?" అని అడిగాడు. కిరణం బలమంతా ఒకే గీత మీద పడుతుంటే అక్కడి ఫాస్ఫర్, అంటే తెర లోపల వెలిగే పూత, మాడిపోతుంది. మచ్చ పడితే ఇక పోదు. మ్యూజియంలో ఇలాంటి వస్తువుల్ని కాపాడేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇది. మా నాన్న ఏ మ్యూజియంలోనూ అడుగుపెట్టలేదు.

తర్వాత 'మాగ్నెట్ టీవీ' చూపించాను. 1965 నాటిది. టీవీ నెత్తిన పెద్ద అయస్కాంతం పెడితే తెర మీద కిరణం వంగి, వలల్లాంటి ముగ్గులు పడతాయి. నాన్న నా వైపు చూసి నవ్వాడు. చిన్నప్పుడు నేనూ అదే పని చేశాను. రిపేరుకొచ్చిన కలర్ టీవీ తెర మీద స్పీకర్ అయస్కాంతం తిప్పి ఆడితే, ఓ మూల ఊదా, పచ్చ కలిసిన మచ్చ పడి అలాగే ఉండిపోయింది. తెరకు అంటిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే డీగాసింగ్ కాయిల్‌ను తెర ముందు గుండ్రంగా తిప్పుతూ, మెల్లగా వెనక్కి నడిచి, దూరం వెళ్లాక స్విచ్ తీశాడు నాన్న. మచ్చ పోయింది. నాకు మాత్రం వీపు చిట్లింది.

"వాడిది బ్లాక్ అండ్ వైట్ కాబట్టి బతికిపోయాడు" అన్నాడు. పైక్ అప్పటికే 'వాడు' అయిపోయాడు. నాన్న దగ్గర అది చనువు.

అసలు కథ దక్షిణ కొరియాలో ఉంది. గ్వాచన్‌లోని జాతీయ ఆధునిక, సమకాలీన కళా మ్యూజియంలో పైక్ కట్టిన టీవీల గోపురం పేరు 'ద మోర్ ద బెటర్'. 1988లో కట్టింది. ఎత్తు 18.5 మీటర్లు, టీవీలు 1,003. అక్టోబరు 3న వచ్చే వాళ్ల దేశ ఆవిర్భావ దినానికి గుర్తుగా ఆ లెక్క. అన్నిటినీ బిగించి వెలిగించింది లీ జంగ్-సంగ్ అనే టెక్నీషియన్. 2006లో పైక్ చనిపోయేదాకా ఆయనతో పనిచేశాడు. ఈ పేరు విన్నాక నాన్న ఫోను కింద పెట్టలేదు.

టీవీలు ముసలివైపోయి, ప్రమాదం జరుగుతుందేమోనన్న భయంతో 2018లో గోపురాన్ని ఆపేశారు. ట్యూబు టీవీల తయారీ అప్పటికే ఆగిపోయింది. అన్నీ తీసేసి ఫ్లాట్ ప్యానెళ్లు పెడదామా, ఉన్నవాటినే బతికిద్దామా అని చాలా వాదన నడిచింది. చివరికి ఏడు వందలకు పైగా ట్యూబు టీవీలను బాగుచేసో, సెకండ్‌హ్యాండ్‌వి తెచ్చి మార్చో ఉంచారు. పైభాగంలోని చిన్న టీవీలు రెండు వందలకు పైగా ఎల్‌సీడీలయ్యాయి. 2022లో మళ్లీ వెలిగింది.

ఎల్‌సీడీ మాట నాన్నకు నచ్చలేదు. "నలుపు నల్లగా రాదు. బూడిదగా ఉంటుంది" అన్నాడు. పైన ఉన్నవి కదా, కిందనుంచి తేడా తెలియదులే అన్నాను. "కట్టినవాడికి తెలుస్తుంది" అన్నాడు.

నాన్న షాపు మూసి చాలా ఏళ్లయింది. ఎల్‌సీడీలొచ్చాక బోర్డులు మార్చడమే తప్ప రిపేరు లేదని ఆయన గొణుగుడు. నిన్న సాయంత్రం అటక మీంచి ఒక డబ్బా దింపించాడు. లోపల పాత వర్టికల్ ఐసీలు, అంటే కిరణాన్ని పైకీ కిందికీ ఊపే చిప్పులు, విడివిడిగా కాగితంలో చుట్టి, నంబర్లు పెన్నుతో రాసి ఉన్నాయి. లీ గారి దగ్గర ఇవి అయిపోయి ఉంటాయేమో, అడగమంటున్నాడు.