ఇటలీ ప్రయాణంలో సమ్మె తేదీలు

మా అమ్మను వెంటబెట్టుకుని ఇటలీ వెళ్లినప్పుడు, హైదరాబాదులో విమానం ఎక్కడానికి నాలుగు రోజుల ముందు, ఆ దేశపు రవాణా మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో ఉండే సమ్మెల పట్టికలో మా ప్రయాణపు ఏడో రోజు కనిపించింది. గురువారం రాత్రి 9 గంటల నుంచి శుక్రవారం రాత్రి 9 గంటల వరకు దేశమంతటా రైల్వే సిబ్బంది సమ్మె అని అందులో రాసి ఉంది. ఆ శుక్రవారం ఉదయమే మేము వెనిస్ నుంచి ఫ్లోరెన్స్ వెళ్లవలసి ఉంది. అరవై ఎనిమిదేళ్ల మనిషిని రెండు పెట్టెలతో ప్లాట్‌ఫారం మీద గంటల తరబడి కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ రాత్రే కూర్చుని ప్రయాణం మొత్తం తిరిగి వేసుకున్నాను.

అంత కంగారు పడడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఒంటరిగా వెళ్లినప్పుడు, చివరి రోజు పొద్దున నేపుల్స్‌లో రైలెక్కి, గంటంబావులో రోమ్ చేరి, అక్కడి నుంచి సాయంత్రం విమానం అందుకోవచ్చని లెక్క వేసుకున్నాను. లెక్క తప్పు కాదు. ఆ రోజు సమ్మె అన్న సంగతి మాత్రం స్టేషనుకు వెళ్లేదాకా నాకు తెలియదు. నా రైలు ఎదుట బోర్డు మీద ‘కాన్చెల్లాతో’ అని పడింది, అంటే రద్దయిందని. దూరపు బస్సుల్లో సీట్లు అప్పటికే నిండిపోయాయి. మరో ముగ్గురు ప్రయాణికులతో కలిసి టాక్సీ మాట్లాడుకుని విమానాశ్రయం చేరేసరికి, మూడు రోజుల హోటలు ఖర్చంత డబ్బు ఒక్క పూటలో పోయింది. ఆ సమ్మె గురించి అంతకు రెండు వారాల ముందే బహిరంగంగా ప్రకటించారని తర్వాత తెలిసింది. సమాచారం అందుబాటులోనే ఉంది, నేనే చూడలేదు.

ఇటలీలో సమ్మెను ‘షోపెరో’ అంటారు. వెళ్లేవారు నేర్చుకోవలసిన మొదటి మాటల్లో ఇది ఒకటని నా అభిప్రాయం. అక్కడ సమ్మె హక్కు రాజ్యాంగం 40వ అధికరణలోనే ఉంది. రైళ్లు, ఆసుపత్రులు వంటి అత్యవసర సేవల్లో ఆ హక్కును ఎలా వాడుకోవాలో 1990లో వచ్చిన 146వ చట్టం నిర్దేశిస్తుంది. దాని ప్రకారం కార్మిక సంఘాలు కనీసం పది రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, సమ్మె ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చెప్పాలి, సమ్మె జరుగుతున్నా కొన్ని సేవలు నడవాలి. ఇవన్నీ సవ్యంగా ఉన్నాయో లేదో చూడడానికి ప్రత్యేకంగా ఒక కమిషన్ ఉంది. అవసరమనుకుంటే మంత్రి సమ్మె వ్యవధిని తగ్గించనూవచ్చు: 2023 జులై 13న జరగవలసిన 24 గంటల రైలు సమ్మెను మంత్రి ఉత్తర్వుతో 12 గంటలకు కుదించారు. కొన్ని సమ్మెలను సంఘాలే చివరి రోజుల్లో విరమించుకుంటాయి. అందుకే పట్టికలో తేదీ కనబడగానే టికెట్లన్నీ రద్దు చేసుకోవడం తొందరపాటు అవుతుంది. ఈ నియమాలకు బయట జరిగేవీ ఉన్నాయి. గాజాకు వెళుతున్న సహాయ పడవలను ఇజ్రాయెల్ అడ్డగించిన వెంటనే 2025 అక్టోబరు 3న పెద్ద కార్మిక సంఘాలు నోటీసు గడువు లేకుండానే సార్వత్రిక సమ్మె చేశాయి. అది చట్టబద్ధం కాదని కమిషన్ అన్నా సమ్మె మాత్రం జరిగింది. ఇలాంటివి అరుదు.

మనకు ఇదంతా కొత్తగా తోచడానికి కారణం మన అనుభవమే. భారతదేశంలో రైళ్లన్నీ సమ్మెతో స్తంభించడమంటే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది 1974 మే నెల. మే 8న మొదలై 27 దాకా సాగిన ఆ సమ్మెలో దాదాపు 17 లక్షల మంది పాల్గొన్నారు. మా తాతగారు అప్పట్లో బిట్రగుంటలో రైల్వే గార్డుగా పనిచేసేవారు. ఆ ఇరవై రోజులు ఇంట్లో ఎలా గడిచాయో అమ్మ నాకు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉంది. ఇటలీ సమ్మె సంగతి చెప్పినప్పుడు ఆమె మొదట అడిగింది మా ప్రయాణం గురించి కాదు, “వాళ్లకు ఆ రోజు జీతం పోతుందా?” అని. పోతుందని చెప్పాను. ఒక రోజు సమ్మెకు ఒక రోజు జీతం వదులుకుంటున్న మనుషుల మీద, నా ప్రయాణం చెడినంత మాత్రాన కోపం పెంచుకోవడం నాకు సమంజసంగా అనిపించదు. ప్రయాణాన్ని వాళ్ల తేదీకి తగ్గట్టు సర్దుకోగలిగినప్పుడు అసలే అనిపించదు.

సర్దుకోవాలంటే రెండు విషయాలు తెలిసి ఉండాలి. మొదటిది, ప్రాంతీయ రైళ్లకు పనిదినాల్లో హామీ వేళలు ఉంటాయి: ఉదయం 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా. సమ్మె ఉన్నా ఆ వేళల్లో ముఖ్యమైన ప్రాంతీయ రైళ్లు నడుస్తాయి. దూరప్రయాణపు రైళ్లకు వేళలు కాక, నడిచి తీరే రైళ్ల జాబితా ఒకటి ఉంటుంది. ప్రభుత్వ సంస్థ ట్రెనిటాలియా, ప్రైవేటు సంస్థ ఇటాలో ఎవరి జాబితా వారు ప్రకటిస్తారు. మన రైలు నంబరు ఆ జాబితాలో ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ట్రెనిటాలియా సిబ్బంది సమ్మె అయితే ఇటాలో ఎక్కవచ్చు కదా అని చాలామంది అనుకుంటారు. ఒక్క సంస్థకే పరిమితమైన సమ్మెకు ఆ ఆలోచన సరిపోతుంది కాని, రంగమంతటా పిలుపు ఇచ్చినప్పుడు, లేదా పట్టాలూ సిగ్నళ్లూ చూసే సిబ్బంది సమ్మెలో ఉన్నప్పుడు రెండింటి రైళ్లూ దెబ్బతింటాయి. అందుకే పట్టికలో తేదీతో పాటు ఏ సంస్థ, ఏ ప్రాంతం అన్న గడులు కూడా చదవాలి. ఒక్క ప్రాంతానికో, ఒక్క నగరపు బస్సులకో పరిమితమైన సమ్మెలు ఆ పట్టికలో బోలెడు కనిపిస్తాయి, వాటిలో చాలావాటితో మనకు పనే ఉండదు.

రెండోది, సమ్మె మొదలయ్యే వేళకు దారిలో ఉన్న రైలు సంగతి. సమ్మె మొదలైన గంటలోపు గమ్యం చేరగలిగే రైలును గమ్యం దాకా నడుపుతారు. అంతకన్నా ఆలస్యమయ్యేదాన్ని మధ్యలో ఏదో ఒక స్టేషనులో ఆపేయవచ్చు. వెనిస్ నుంచి ఫ్లోరెన్స్‌కు వేగవంతమైన రైలులో రెండు గంటల పైచిలుకు పడుతుంది. రాత్రి ఏడున్నరకు బయలుదేరినా నియమం ప్రకారం చేరగలం, కాని కాస్త ఆలస్యమైతే దారిలో ఉన్న బొలోనియాలో దిగిపోవలసి రావచ్చు. కాబట్టి గురువారం సాయంత్రం అయిదు ప్రాంతంలో ఉన్న రైలుకు టికెట్ మార్చుకున్నాను, వెనిస్‌లో ఒక రాత్రి తగ్గించి ఫ్లోరెన్స్‌లో పెంచాను. శుక్రవారం మాకు రైలు అవసరమే లేకుండా చేయడం నా ఉద్దేశం. ఫ్లోరెన్స్ పాతబస్తీ అంతా కాలినడకన తిరగగలిగినంత చిన్నది, కనుక సమ్మె రోజు గడపడానికి అంతకన్నా మంచి ఊరు లేదు. దువోమో అనే పెద్ద చర్చి దగ్గర, ఆర్నో నది గట్టున, అమ్మ అలసిపోయిన చోటల్లా కూర్చుంటూ ఆ రోజంతా గడిపాము.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. మామూలు రోజుల్లో వాపసు రాని అతి చౌక టికెట్‌కైనా, సమ్మె వల్ల ప్రయాణం మానుకుంటే సొమ్ము అడగవచ్చు. ట్రెనిటాలియాలో దూరప్రయాణపు రైళ్లకు ఆ రైలు బయలుదేరే సమయం దాకా, ప్రాంతీయ రైళ్లకు సమ్మెకు ముందు రోజు అర్ధరాత్రి దాకా గడువు ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2023 జూన్ నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం, గంట దాటిన ఆలస్యానికి టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం వస్తుంది. రైల్వే సొంత సిబ్బంది సమ్మెను సాకుగా చూపి ఈ పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదు.

షెంగెన్ వీసాకు ఏ ఊళ్లో ఎన్ని రాత్రులో రాసి ఇచ్చాం కాబట్టి ఇక కదపకూడదేమో అని మనవాళ్లు భయపడతారు. ఒకే దేశంలో ఒక రాత్రి అటూ ఇటూ జరపడం వల్ల మాకు ఏ ఇబ్బందీ రాలేదు. హోటళ్లను మాత్రం రద్దు చేసుకునే వీలున్న ధరకే తీసుకోవాలి, కొంచెం ఎక్కువైనా సరే.

మిగతా దేశాల పద్ధతి వేరు. ఫ్రాన్సులో సమ్మె చేయదలచిన రైల్వే ఉద్యోగి 48 గంటల ముందు తన ఉద్దేశం తెలపాలి. కనుక ఏ రైళ్లు నడుస్తాయో ముందురోజు సాయంత్రానికి తేలుతుంది. జర్మనీలో అలాంటి చట్టబద్ధమైన నోటీసు గడువు లేదు. 2024 జనవరిలో అక్కడి రైలు డ్రైవర్ల సంఘం ఆరు రోజుల సమ్మెకు పిలుపునిచ్చినప్పుడు, ప్రకటనకూ సమ్మెకూ మధ్య దొరికింది దాదాపు రెండు రోజులే. జర్మనీ మీదుగా వెళ్లేవారు రెండు పక్షాల మధ్య వేతన చర్చలు ఏ దశలో ఉన్నాయో వార్తల్లో చూస్తూ ఉండడం తప్ప ఇంకో దారి లేదు.

నేపుల్స్ తర్వాత నేను ఎప్పుడూ తప్పని నియమం ఒకటే: చివరి రాత్రి, వీలైతే చివరి రెండు రాత్రులు, విమానం ఎక్కే ఊళ్లోనే ఉండాలి. రోమ్‌లో టెర్మినీ స్టేషను నుంచి ఫ్యూమిచీనో విమానాశ్రయానికి వెళ్లే రైలుకు అరగంటే పడుతుంది. సమ్మె రోజున ఆ రైలు నడవకపోతే బదులు బస్సులు వేస్తారు. నగరం నడిబొడ్డు నుంచి విమానాశ్రయానికి టాక్సీకి నగరపాలక సంస్థ నిర్ణయించిన స్థిర రుసుము ఉంది. శుక్రవారం రాత్రి 9తో సమ్మె ముగిసింది, శనివారం పదకొండు గంటల రైలులో రోమ్‌కు వెళ్లాం, మా విమానం సోమవారం మధ్యాహ్నానికి.