డప్పు లేని శిగం

మా మేనత్తకు శిగం వచ్చేది, అంటే ఒంటి మీదికి దేవత పూనేది. దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఎల్లమ్మ పండుగ నాడు బైండ్ల వాళ్లు జమిడిక వాయిస్తూ కథ చెబుతుండేవాళ్లు. డప్పు దరువు మారగానే అత్తమ్మ తల మెల్లగా ఊగడం మొదలయ్యేది. కొప్పు ఊడిపోయేది. నలుగురు ఆడవాళ్లు నడుం పట్టుకున్నా ఆగేది కాదు. రోజూ నవ్వుతూ మాకు జొన్నరొట్టెలు చేసిపెట్టే మనిషే ఎవరిదో తెలియని గొంతుతో వానల గురించి, గొడ్ల గురించి, ఊళ్లో జరగబోయేదాని గురించి చెప్పేది. చివరికి వేపమండలతో నీళ్లు చల్లి, పేరు పెట్టి పిలిచి, కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోస్తే కూలబడి, కాసేపటికి కళ్లు తెరిచి "ఆకలైతాంది" అనేది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "అత్తమ్మా, అప్పుడు నీకెట్లుంటది?"

"నేనుంటనా బిడ్డా అప్పుడు?" అంది.

మొన్న జనవరిలో నాగార్జునసాగర్ హిల్ కాలనీలో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లినప్పుడు నా వెంట వచ్చింది ఈ మాటే. పైకి చెప్పుకున్న కారణం వేరు. రెండేళ్లుగా నాకు సరిగ్గా నిద్ర లేదు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే ఇక అంతే, స్కూలు, అప్పులు, పిల్లల చదువులు అన్నీ వరసగా వచ్చి మంచం చుట్టూ కూర్చునేవి. సంక్రాంతి సెలవులకు మరికొన్ని రోజులు సెలవు కలిపి పెట్టాను. కానీ దరఖాస్తు నింపుతున్నప్పుడు ఒక చోట చెయ్యి ఆగింది. మానసిక వ్యాధి ఏదైనా ఉందా, మందులేమైనా వాడుతున్నారా, ఇంతకుముందు ఏదైనా సాధన చేశారా అని అడుగుతారు. నాకు ఏదీ లేదు. అయినా అత్తమ్మ గుర్తొచ్చింది. నాలో కూడా అలాంటిదేదో ఉండి, డప్పు కోసం ఎదురుచూస్తోందా అనే భయం చిన్నప్పటి నుంచీ ఉంది. ఆశ కూడా ఉండేదేమో.

నల్గొండలో బస్సెక్కి హాలియా, పెద్దవూర మీదుగా మధ్యాహ్నానికి సాగర్ చేరాను. దారిలో ఎడమ కాలువ కింద యాసంగి నాట్లు. శిబిరంలో చేరడానికి ఇంకా టైం ఉందని జలాశయం కనబడే చోట కాసేపు నిలబడ్డాను. నేను సాంఘికశాస్త్రం టీచర్ని. ఈ నీళ్ల కింద ఏముందో ప్రతి ఏడూ పిల్లలకు చెబుతాను. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. 1955లో డ్యాంకు శంకుస్థాపన జరిగే నాటికే తవ్వకాలు మొదలయ్యాయి. 1960 దాకా తవ్వి, దొరికినవాటిలో కొన్నిటిని కొండ మీదికి తరలించి కాపాడారు. ఆ కొండే ఇప్పుడు నీళ్ల మధ్య దీవి అయింది. అక్కడ దొరికిన శాసనాల్లో నాకు ఎక్కువ ఇష్టమైంది ఒక మామూలు బౌద్ధ ఉపాసికది, అంటే సన్యాసం తీసుకోని భక్తురాలిది. ఆమె పేరు బోధిసిరి. 3వ శతాబ్దంలో, వీరపురుషదత్తుడి కాలంలో, సింహళ భిక్షువుల కోసం ఇక్కడి చిన్న ధమ్మగిరి మీద చైత్యగృహం, అంటే ప్రార్థనా మందిరం కట్టించింది. సముద్రం దాటి వచ్చినవాళ్లు కళ్లు మూసుకుని కూర్చోవడానికి ఒక ఆడమనిషి చోటు చూపించిన నేల ఇది. అది తలచుకుంటే లోపల ధైర్యంగా అనిపించింది.

శిబిరం పేరు ధమ్మ నాగజ్జున. ఫోను, పర్సు, పుస్తకం, పెన్ను అన్నీ అప్పగించాలి. ఆ రాత్రి నుంచే మౌనం. మాట ఒక్కటే కాదు, సైగ కూడా చేయకూడదు, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడకూడదు. ఆడవాళ్లు, మగవాళ్లు వేరు వేరు. తెల్లవారుజామున 4 గంటలకు గంట కొడతారు, 4.30కి కూర్చోవాలి, మధ్యమధ్య విరామాలతో రాత్రి 9 దాకా అంతే. 11 గంటలకు భోజనం, సాయంత్రం 5కి మరమరాలు, పండు, టీ. ఆ తర్వాత ఏమీ ఉండదు. డబ్బు అడగరు. శిబిరం పూర్తిచేసిన వాళ్లు తమకు తోచింది ఇవ్వొచ్చు, పూర్తిచేయని వాళ్ల దగ్గర తీసుకోరు.

మొదటి మూడు రోజులూ ఆనాపాన. ముక్కు దగ్గర శ్వాస వస్తోంది, పోతోంది, అది చూస్తూ ఉండాలి. మంత్రం లేదు, రూపం లేదు. ఇంత చిన్న పని ఇంత కష్టమని నాకు తెలియదు. నాలుగు శ్వాసలు చూసేలోపు నేను మా స్టాఫ్‌రూంలో ఎవరితోనో వాదిస్తూ ఉండేదాన్ని. రెండో రాత్రి నుంచి కలలు మొదలయ్యాయి. మామూలు కలలు కావు, రంగులు కళ్లకు గుచ్చుకునేంత స్పష్టంగా ఉండేవి. నలభై ఏళ్లలో ఎప్పుడూ తలచుకోని ముఖాలు కనబడేవి, ఏడో తరగతిలో నా పక్కన కూర్చున్న అమ్మాయి చెవికమ్మలతో సహా. చూడటానికి, వినటానికి, మాట్లాడటానికి బయట ఏమీ దొరకనప్పుడు మనసు తన దగ్గర దాచుకున్నదంతా తీసి పరుచుకుంటుంది.

రాత్రి ప్రవచనాలు తెలుగువాళ్లకు తెలుగులోనే వినిపించేవారు. ఈ ధ్యానాన్ని మన దగ్గర నేర్పిన గోయెంకా గారు 1924లో బర్మాలో, మాండలేలో పుట్టారు. మార్ఫిన్ ఇంజెక్షన్లు వేసుకోవాల్సినంత మైగ్రేన్ ఆయనది. దాని కోసం తిరిగి తిరిగి ఊ బా ఖిన్ అనే ఉన్నత ప్రభుత్వాధికారి దగ్గరికి చేరారు. ఆయన దగ్గర పద్నాలుగేళ్లు సాధన చేసి, 1969లో మన దేశానికి వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. 2013లో పోయారు. ధ్యానంలో సూచనలుగా ఇప్పుడు మనం వినేది రికార్డు చేసిన ఆయన గొంతు. ఆ గొంతులో తొందర ఉండదు. మళ్లీ మొదలుపెట్టండి అని ఎన్నిసార్లయినా విసుగు లేకుండా చెబుతుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం విపశ్యన నేర్పారు. తల నుంచి కాళ్ల దాకా ఒంట్లో ఎక్కడ ఏం తెలుస్తోందో వరసగా చూస్తూ పోవాలి. ఏది వచ్చినా కావాలనుకోకూడదు, వద్దనుకోకూడదు. అప్పటి నుంచి రోజుకు మూడుసార్లు అధిష్ఠానం అని గంటసేపు కాళ్లు, చేతులు కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చోవాలి. నా ఎడమ మోకాలు ఇరవై నిమిషాలకే నిప్పు మీద పెట్టినట్టయ్యేది. నొప్పి ఒక ముద్ద అనుకుంటాం. చూస్తూ చూస్తూ ఉంటే అది ముద్ద కాదు. మంట వేరు, పోటు వేరు, బిగువు వేరు. అవి ఒకదాని వెంట ఒకటి లేస్తాయి, పడిపోతాయి. నిజానికి అన్నిటికంటే గట్టిగా ఉన్నది "ఇక నావల్ల కాదు" అనే మాట. ఆ మాట వచ్చినప్పుడు గుండె దడదడలాడేది. అది పోయాక అదే నొప్పి, కానీ అంత బరువు ఉండేది కాదు.

ఆరో రోజు సాయంత్రం నా ముందు వరసలో ఒకావిడ ఏడవడం మొదలుపెట్టింది. ముందు ముక్కు ఎగబీల్చిన చప్పుడు, తర్వాత భుజాలు కదిలిపోయేంత ఏడుపు. ఎవరూ కళ్లు తెరవలేదు, ఎవరూ ఆమెను ముట్టుకోలేదు. కొంతసేపటికి సేవిక ఒకరు వచ్చి మెల్లగా బయటికి, ఆచార్యురాలి దగ్గరికి తీసుకెళ్లారు. నాకు ఆ సాయంత్రం ధ్యానం కుదరలేదు. మా ఊళ్లో అయితే పది మంది చుట్టూ చేరేవాళ్లు, నడుం పట్టుకునేవాళ్లు, నీళ్లు పోసేవాళ్లు. లోపల ఏదో తెగినప్పుడు మనిషికి మనిషి చెయ్యి కావాలని ఇప్పటికీ నమ్ముతాను. ఎవరి జోలికీ పోకుండా ఎవరి లోపలిది వాళ్లు చూసుకోవడంలో మరో రకమైన గౌరవం ఉందని కూడా అక్కడే తెలిసింది. కానీ దరఖాస్తులో ఆ ప్రశ్నలు ఎందుకున్నాయో ఆ రోజు బాగా అర్థమైంది. డిప్రెషన్‌కో మరో మానసిక జబ్బుకో చికిత్స తీసుకుంటున్నవాళ్లు దాన్ని దాచిపెట్టి, మందులు మానేసి ఇలాంటి చోటికి రావొద్దు. పది రోజుల మౌనం చిన్న విషయం కాదు.

ఏడో రోజు మధ్యాహ్నం 2.30 కూర్చోవడంలో జరిగింది. నేనేమీ ప్రత్యేకంగా చేయలేదు. తలలో సన్నటి జలదరింపు, మామూలుగానే కిందికి దిగుతున్నాను. భుజాల దగ్గరికి వచ్చేసరికి భుజం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియలేదు. తర్వాత చేతులు. ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న రెండు చేతుల్లో ఏది ఏదో తెలియదు. తర్వాత అవి చేతులే కావు. ఎండాకాలం తాటాకు పందిరి కింద పడుకుంటే సందుల్లోంచి పడే వెలుగులో దుమ్ము కదులుతుంది చూడండి, ఒళ్లంతా అలాంటి కదలికే. బరువు లేదు, మోకాలు లేదు, కింద నేల కూడా లేదు. బయట గోరింకలు అరుస్తున్నాయి. ఆ అరుపు చెవి దాకా వచ్చి ఆగడం లేదు, లోపలే లేచి లోపలే పోతోంది. భయం వేయలేదు. భయపడే మనిషి కోసం చూస్తే అక్కడ కనబడలేదు.

అప్పుడే ఎక్కడి నుంచో ఆ మాట. నేనుంటనా బిడ్డా అప్పుడు?

కళ్లలోంచి నీళ్లు చెంపల మీద జారుతున్నట్టు తెలిసింది. వాటితోనే చెంపలు, గడ్డం, మెడ ఒక్కొక్కటిగా మళ్లీ వచ్చాయి. గంట మోగింది. పది నిమిషాలు అయి ఉంటాయనుకున్నాను, గంట గడిచింది.

ఎనిమిదో రోజంతా నేను దాని వెంట పడ్డాను. నాలుగింటికే లేచి, అదే ఆసనం, అదే చోటు, దుప్పటి కూడా అలాగే కప్పుకుని కూర్చున్నాను. రాలేదు. ఒళ్లు రాయిలా ఉంది. మోకాలు రెట్టింపు నొప్పి. పక్కనావిడ దగ్గితే కోపం వచ్చింది. మధ్యాహ్నం ఆచార్యురాలి ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఇప్పుడేం తెలుస్తోంది?" అన్నారు.

"మోకాలి నొప్పి."

"అయితే అదే చూడండి."

నాకు చాలా చిన్నబోయినట్టయింది. అంత పెద్ద అనుభవానికి ఇదేనా జవాబు అనిపించింది. ఆ రాత్రి ప్రవచనంలో గోయెంకా గారి మాటలు విన్నాక గానీ ఆవిడ చెప్పింది తలకెక్కలేదు. హాయిగా ఉన్నదాన్ని పట్టుకుని వేలాడటం కూడా బాధకే దారి అంటారాయన. రెండేళ్లుగా రాత్రి మూడింటికి నేను చేస్తున్నదీ ఇదేనని ఆ చాప మీద తెలిసింది. నిద్ర రావాలి, రావాలి అని దాని వెంట పరిగెత్తేదాన్ని. అది ఇంకా దూరం పోయేది.

పదో రోజు పొద్దున మైత్రీ భావన నేర్పాక మౌనం విప్పారు. మొదట నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆడవాళ్లందరం ఒకేసారి మాట్లాడాం, ఎవరు వింటున్నారో తెలియదు. ఆరో రోజు ఏడ్చినావిడే వచ్చి నా పక్కన కూర్చుంది. గద్వాల వాళ్లు, ఇంట్లో చీరలు నేస్తారు. ఎందుకు ఏడ్చిందో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. నా ఏడో రోజు సంగతి చెబితే తల ఊపింది.

"నాకు మగ్గం మీద అట్లయితది. నాడె అటు ఇటు పోతుంటది, కాళ్లు తొక్కుతనే ఉంటయి, నేనెక్కడున్ననో ఎరుక ఉండదు. మా అత్త పిలిస్తే చూస్త, జానెడు బట్ట అయి ఉంటది" అంది.

పదిరోజులు కూర్చుని నేను చూసింది ఆమెకు గుంట మగ్గంలో ఎన్నోసార్లు వచ్చింది. దానికి పేరు పెట్టాలని ఆమెకెప్పుడూ అనిపించలేదు.

పదకొండో రోజు పొద్దున ఏడింటికల్లా అయిపోయింది. బౌద్ధ పార్కు బుద్ధవనం దగ్గరే. 2022లో తెరిచినప్పటి నుంచి పిల్లల్ని తీసుకెళ్లాలనుకుంటున్నాను. కానీ ఆ రోజు నాకు చూడాలనిపించలేదు. నల్గొండ బస్సు వదిలేసి మల్లేపల్లి వైపు బస్సెక్కాను. అక్కడ దిగి దేవరకొండ బస్సు, అక్కడి నుంచి ఆటో.

అత్తమ్మకు ఇప్పుడు డెబ్బై దాటాయి. మోకాళ్లు అరిగి, ఎల్లమ్మ పండుగకు గుడి దాకా నడవలేకపోతోంది. అరుగు మీద కంది పప్పు చెరుగుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టింది.

"ఇన్ని దినాలు ఏడబోయినవే? ఫోను చేస్తే కలుస్తలేదు."

చెప్పాను. మాట్లాడకుండా కూర్చోవడం, ఒక్కపూట భోజనం, మోకాలి నొప్పి. ఆ తర్వాత ఏడో రోజు సంగతి. చేతులు లేవు, మెడ లేదు, నేను లేను. అత్తమ్మ చాలాసేపు నా ముఖంలోకి చూసింది.

"డప్పు లేకుండనా?"

"లేకుండనే అత్తమ్మా. చీమ చిటుక్కుమన్నా వినబడేటట్టు ఉంటది."

"డప్పు లేకుంటె ఎట్లొస్తది?" అని తనలో తానే అనుకుంది. కాసేపాగి, "మల్ల నిన్నెవలు పిలిచిండ్రు ఎనుకకు?" అని అడిగింది.

"ఎవరూ పిలువలే. గంట కొట్టిండ్రు."

"ఎవ్వలు పిలువలేదా?"

ఆమె గొంతు మారింది. గోడ పట్టుకుని లేచింది. వద్దన్నా వినకుండా కుంటుతూ జాలారి దాకా వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చి, నన్ను అరుగు కింద నిలబెట్టింది. ఇంట్లో పెద్దవాళ్లే పిలిచే నా చిన్నప్పటి పేరుతో మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ పలికాను. ఆ చెంబెడు నీళ్లూ నా కాళ్ల మీద పోసి, "ఇగ రా, తిందువు గాని" అంది.